పల్లెను చదువుకున్న క్లౌ దొర

ఒంగోలు: ఒంగోలు చరిత్రలో క్లౌ దొరది చెరగని పేరు. క్రైస్తవ మతప్రచారం కోసం 28 ఏళ్ల వయసులో అమెరికాలో ఓడ ఎక్కిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతమే ఆయనకు కర్మభూమి అయింది. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటనతో ఆయన పేరు దేశదేశాల్లో మారుమోగింది. అయితే ఆ అంకె ఒక్కటే ఆయన జీవితం కాదు. బోధించడానికి వచ్చిన ఆ యువకుడికి తెలుగు పల్లె ముందుగా తానే పాఠాలు చెప్పింది. కులం, కూలి, చుట్టరికం, గురుశిష్య సంబంధం ఈ నేలపై ఎలా పెనవేసుకున్నాయో తెలుసుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. తెలుసుకున్న మేరకు తన పద్ధతిని మార్చుకోవడమే ఆయనను తోటి మిషనరీల నుంచి వేరుగా నిలబెట్టింది.

సర్వే గొలుసు నుంచి సువార్తకు..

క్లౌ 1836 జులై 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. ఆ కుటుంబం మెరుగైన బతుకు కోసం పడమటి దిశగా ఇల్లినాయీకి, అక్కడి నుంచి అయోవాకు తరలివెళ్లింది. అప్పటికి అవి కొత్తగా సేద్యంలోకి వస్తున్న ప్రాంతాలు. యౌవనంలో క్లౌ ప్రభుత్వ సర్వే బృందంలో చేరి మిన్నెసోటా అడవుల్లో, బీడు భూముల్లో కొన్నేళ్లు పనిచేశారు. గొలుసుతో భూమిని కొలవడం, ఎండకు వానకు ఓర్చి గుడారాల్లో గడపడం, కూలీల బృందాన్ని నడపడం అక్కడే అలవాటయ్యాయి. ఆ అనుభవం రెండు దశాబ్దాల తరువాత తెలుగు నేలపై కరవు కాలంలో వేలాది ప్రాణాలకు అండగా నిలుస్తుందని నాడు ఎవరూ ఊహించి ఉండరు.

న్యాయవాది కావాలన్నది ఆయన తొలి కోరిక. ఆ ఉద్దేశంతోనే అయోవాలోని బర్లింగ్టన్ విద్యాసంస్థలో చేరారు. మొదట్లో దైవచింతన అంతగా లేని ఆ యువకుడు అక్కడే బాప్తిస్టు విశ్వాసంలోకి వచ్చి 1858లో బాప్తిస్మం పొందారు. 1861లో హారియట్ సండర్లాండ్‌ను వివాహమాడారు. కొంతకాలం ఊరూరా తిరిగి మత గ్రంథాలు పంచే పని చేశారు. విదేశీ సేవకు వెళ్లాలన్న ఆలోచన అప్పటికే ఆయనలో బలపడింది.

మూసివేత అంచున మిషన్

అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషన్ పరిస్థితి అప్పట్లో దయనీయంగా ఉండేది. శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్య పని ఆరంభించి, 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకున్నారు. ఏళ్లు గడిచినా సభ్యుల సంఖ్యను వేళ్లపై లెక్కించవచ్చు. ఇంత ఖర్చు పెట్టి ఈ మిషన్‌ను కొనసాగించడం అవసరమా అన్న చర్చ అమెరికాలో మళ్లీ మళ్లీ తలెత్తింది. 1853లో జరిగిన అలాంటి చర్చలోనే, పటంలో ఒకే ఒక గుర్తుగా కనిపించే నెల్లూరుకు ఒంటరి నక్షత్రం అన్న పేరు స్థిరపడింది.

1862లో మూసివేత ప్రతిపాదన మరోసారి వచ్చింది. నెల్లూరులో పనిచేసి సెలవుపై స్వదేశానికి వెళ్లిన లైమన్ జూవెట్ అందుకు ససేమిరా అన్నారు. ఎవరు పంపినా పంపకపోయినా తాను తెలుగువారి వద్దకే తిరిగి వెళతానని తేల్చిచెప్పారు. వృద్ధాప్యానికి చేరువవుతున్న ఆయనను ఒంటరిగా పంపలేక సంఘం ఒక యువకుడిని తోడు పంపాలని నిర్ణయించింది. ఆ యువకుడే క్లౌ.

1864 నవంబర్ 30న వారు బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. సూయజ్ కాలువ తెరవడానికి ఇంకా అయిదేళ్లు ఉంది. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి దాదాపు అయిదు నెలలు ప్రయాణించి 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరుకున్నారు. అక్కడి నుంచి నెల్లూరు వచ్చి క్లౌ తెలుగు నేర్చుకోవడం ఆరంభించారు. వ్యాకరణం పూర్తయ్యే వరకు ఇంటి పట్టున కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. వచ్చిన నాలుగు ముక్కలతోనే వీధిలోకి వెళ్లి జనంతో మాట కలిపేవారు. పుస్తకాల తెలుగుకు, పల్లె జనం పలికే తెలుగుకు ఉన్న దూరం ఆయనకు అలా తొలి రోజుల్లోనే తెలిసివచ్చింది.

చర్మాల వ్యాపారి పేరయ్య

ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూవెట్ దంపతులు నెల్లూరు నుంచి వచ్చిన కొద్దిమందితో కలిసి ఒంగోలు పట్టణాన్ని ఆనుకుని ఉన్న కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీ రావాలని ప్రార్థించారు. మిషన్ వారి చరిత్రలో అది ప్రార్థనా కొండగా నిలిచిపోయింది. పన్నెండేళ్ల తరువాత, 1866 సెప్టెంబరులో క్లౌ కుటుంబం ఒంగోలుకు తరలివచ్చింది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

అయితే క్లౌ రాక ముందే ఆయన కోసం ఎదురుచూస్తున్న మనిషి ఒకరు ఉన్నారు. కనిగిరి వైపు తలకొండపాడు గ్రామానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, చర్మాల వ్యాపారి. సరకు కోసం ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో క్రైస్తవ బోధ విన్నారు. 1866 మార్చిలో ఒంగోలు వచ్చిన జూవెట్ చేతుల మీదుగా పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు.

క్లౌకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. పేరయ్య చదువు లేని వాడే కానీ ఆధ్యాత్మిక చింతన లేని వాడు కాదు. అంతకు ముందు ఆయన వీరమ్మ అనే గురువమ్మ వద్ద రాజయోగ మార్గంలో ఉపదేశం పొందారు. విగ్రహాలకు అతీతంగా ఒకే దైవం ఉన్నాడన్న భావన ఆ బోధలో భాగం. పోతులూరి వీరబ్రహ్మం పేరు, ఆయన సంప్రదాయపు తత్వాలు ఆ ప్రాంతపు మాదిగపల్లెల్లోనూ వినిపించేవి. అంటరానివారిగా ఊరి వెలుపల ఉంచిన జనంలో ఇంతటి తాత్విక అన్వేషణ సాగుతున్నదని అమెరికా నుంచి వచ్చిన యువకుడు ఊహించలేదు. అంధకారంలో ఉన్నవారికి వెలుగు చూపడానికి వచ్చానన్న భావనతో దిగిన ఆయనకు, అక్కడ అప్పటికే దీపం పట్టుకుని దారి వెతుకుతున్నవారు ఎదురయ్యారు.

1867 జనవరిలో పేరయ్య పిలుపుపై క్లౌ తలకొండపాడు వెళ్లి చింతతోపులో విడిది చేశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి చద్దిమూటలతో జనం వచ్చి అక్కడే ఉండి విన్నారు. ఆ విడిదిలో 28 మంది బాప్తిస్మం పొందారు.

బడి ఖాళీ అయింది

ఆనాటి మిషనరీలలో చాలామందికి ఒక నమ్మకం ఉండేది. ముందుగా అగ్రవర్ణాల వారిని చదువు ద్వారా ఆకట్టుకుంటే, వారిని చూసి మిగతా సమాజం అదే దారిన నడుస్తుందన్నది వారి అంచనా. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ నెలకొల్పిన పాఠశాల ఆ ఆలోచనతో నడిచిందే. క్లౌ కూడా ఒంగోలులో మొదట అదే దారి తొక్కారు. పట్టణంలోని బ్రాహ్మణులు, ఇతర పెద్దకులాల వారు ఆయనను ఆదరించారు. తమ పిల్లలను ఆయన బడికి పంపారు.

పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలయ్యేసరికి పరిస్థితి తారుమారైంది. వారిని చేర్చుకుంటే తమ పిల్లలు బడిలో ఉండబోరని పట్టణ పెద్దలు స్పష్టం చేశారు. క్లౌకు అది పెద్ద చిక్కు. ఒకవైపు పరపతి, చదువు, సంపద ఉన్న వర్గం. మరోవైపు పూట గడవని జనం. వారిని కాదంటే తాను నమ్మిన మతానికే అర్థం లేదు. ఔనంటే పట్టణంలో చేసిన పని అంతా నీటిపాలవుతుంది.

ఆ సమయంలో దంపతులిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా, కొరింథీయులకు పౌలు రాసిన లేఖలో లోకం తక్కువగా చూసిన వారినే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగమే ఇద్దరి కంటా పడిందని క్లౌ తన జీవిత కథలో చెప్పుకున్నారు. నిర్ణయం జరిగిపోయింది. మాదిగలను చేర్చుకున్నారు. పెద్దకులాల పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు. నాటి నుంచి క్లౌ జీవితం పట్టణం నుంచి పల్లెకు మళ్లింది.

మూడు నియమాలు, వాటి మూల్యం

కొత్తగా చేరిన వారికి క్లౌ మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. ఆయన దృష్టిలో అవి సులువైన, సూటి అయిన నియమాలు. వాటిలో ప్రతి ఒక్కటీ పల్లె జీవనపు ఆయువుపట్టును తాకుతుందని ఆయనకు తరువాత గానీ అర్థం కాలేదు.

మాదిగలు ఊరికి చెప్పులు కుట్టి ఇవ్వాలి. బావుల నుంచి నీరు తోడే మోటలకు తోలు పనులు చేయాలి. అందుకు ప్రతిఫలంగా కళ్లంలో మేర కింద ధాన్యం ముట్టేది. ఊళ్లో పశువు చనిపోతే దానిని ఎత్తుకెళ్లే హక్కు వారిదే. తోలు వృత్తికి, మాంసం ఆకలికి ఉపయోగపడేవి. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం వారి విధి. ఊరి మీదుగా అధికారులు వెళితే వెట్టికి బరువులు మోయవలసిందీ వారే.

ఈ అల్లికలో ఒక్క పోగు లాగినా మొత్తం కదులుతుంది. ఆదివారం పనికి రామంటే నాట్లు, కోతల రోజుల్లో రైతుకు కష్టం. చచ్చిన పశువును తినమంటే పాతకాలపు కట్టుబాటును కాదన్నట్టు. జాతరకు డప్పు కొట్టమంటే ఊరికి అరిష్టం తెచ్చినట్టు. ఫలితంగా చాలా గ్రామాల్లో ఘర్షణలు చెలరేగాయి. మేర ధాన్యం ఆపేశారు. నీళ్లకు వెళ్లే దారులు మూసేశారు. కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. బాధితులు రాత్రికి రాత్రి నడిచి ఒంగోలు బంగళా ఎదుట చేరేవారు.

క్లౌ కరణాలతో, మోతుబరి రైతులతో మాట్లాడారు. అధికారులకు విన్నవించారు. దొరతనం ఉన్న రోజుల్లో తెల్లవాడి మాటకు విలువ ఉండేది. కానీ ఆయన గుర్రమెక్కి వెళ్లిపోయిన మరునాడు ఆ పల్లె జనం అదే రైతుల పొలాల్లో పని చేసుకుని బతకాలి. ఈ సత్యం గ్రహించిన తరువాత ఆయన తగవులకు పోవడం కన్నా నచ్చజెప్పడానికే మొగ్గు చూపారు. మతం మారడం అంటే కేవలం మనసు మారడం కాదని, అది గ్రామం మొత్తం లెక్కను మార్చడమని ఆయనకు అనుభవం నేర్పింది.

ఒక్కరు కాదు.. వాడంతా

అమెరికా బాప్తిస్టు సంప్రదాయంలో విశ్వాసం పూర్తిగా వ్యక్తిగతం. ప్రతి మనిషీ ఒంటరిగా ఆలోచించి, ఒంటరిగా నిర్ణయించుకోవాలి. ఇక్కడ అది కుదరలేదు. ఒంటరిగా వచ్చిన వాడు ఇంటికి, కులానికి దూరమయ్యేవాడు. పెళ్లి, చావు, పంట, అప్పు అన్నీ చుట్టరికంతో ముడిపడిన చోట ఒంటరి మనిషికి నిలువనీడ ఉండదు. మాదిగపల్లెలో పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కుటుంబాలకు కుటుంబాలు ఒక మాటపైకి వచ్చినప్పుడే మార్పు నిలబడేది. క్లౌ ఆ పద్ధతిని ఎదిరించలేదు. కులపెద్దల పంచాయతీని గౌరవించి, సంఘం తగవులను కూడా అదే తీరులో పెద్దల చేత తీర్పించారు.

బోధకుల విషయంలోనూ అంతే. పల్లెల్లో తిరిగే గురువులకు శిష్యులు అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి ఆదరించడం ఈ నేలపై పూర్వం నుంచీ ఉన్న ఆచారం. కొత్త బోధకులను కూడా పల్లెవాసులు అదే వరుసలో చూశారు. పేరయ్య వంటి వారు చేతికర్రతో పల్లె నుంచి పల్లెకు నడిచేవారు. పగలంతా కూలికి వెళ్లిన జనం చీకటి పడ్డాక గుమిగూడితే పాటలతో, కథలతో చెప్పేవారు. అమెరికా డబ్బుతో ప్రతి ఊరికీ జీతగాడిని పెట్టడం కన్నా ఈ గురుశిష్య పద్ధతి బలమైనదని క్లౌ గమనించారు. ఒంగోలు సంఘం విస్తరణలో సింహభాగం ఈ తెలుగు బోధకులదే.

1872లో క్లౌ స్వదేశానికి వెళ్లి తెలుగు బోధకుల శిక్షణ కోసం విరాళాలు సేకరించారు. రామాయపట్నంలో వేదాంత పాఠశాల అదే సంవత్సరం ప్రారంభమైంది. 1874లో ఆయన తిరిగి వచ్చారు. కరవు ముంచుకొచ్చే నాటికి సభ్యుల సంఖ్య మూడు వేలు దాటింది.

కరవు కాలం.. కాలువ పని

1876లో వర్షాలు ముఖం చాటేశాయి. దక్షిణ భారతంలో 1878 వరకు సాగిన ఆ మహా కరవులో యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. నెల్లూరు జిల్లా కూడా అల్లాడిపోయింది. పశువులు చచ్చాయి. పొలం పని లేక, మేర ధాన్యం రాక ముందుగా పస్తులున్నది భూమి లేని మాదిగలు, మాలలు. వెనుకనే కలరా వచ్చింది.

ప్రభుత్వం కరవు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరిట ఆ కాలువకు ఆ పేరు వచ్చింది. కానీ ఆ పనుల్లో అంటరానివారికి చోటు దొరకడం కష్టమైంది. దొరికినా మేస్త్రీల దాష్టీకం, కూలిలో కోతలు. ఈ స్థితిలో క్లౌ ఒక సాహసం చేశారు. కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని తానే గుత్తకు తీసుకున్నారు. మిన్నెసోటాలో నేర్చిన సర్వే విద్య అక్కరకు వచ్చింది. కొలతలు వేసి, లెక్కలు కట్టి, కూలీలకు గుడిసెలు వేయించారు. తెలుగు బోధకులనే పర్యవేక్షకులుగా నియమించారు. వేలాది మంది ఆ పనికి వచ్చారు. కులం ఏదైనా, మతం ఏదైనా వచ్చిన వారికి పని, చేసిన పనికి కూలి దక్కాయి. సాయంత్రం పని ముగిశాక బోధకులు కూలీల మధ్య కూర్చుని వారి కష్టసుఖాలు వినేవారు. దూరాన ఉన్న పల్లెల నుంచి వచ్చినవారికి ఆ కొత్త మాటలు తొలిసారి చెవినపడింది అక్కడే.

లండన్‌లోని మాన్షన్ హౌస్ నిధి ద్వారా వచ్చిన సాయాన్ని ఈ ప్రాంతంలో పంచే బాధ్యతలోనూ క్లౌ పాలుపంచుకున్నారు. విత్తనాలు, తిండి గింజలు అందజేశారు.

గుండ్లకమ్మ ఒడ్డున మూడు రోజులు

కరవు రోజుల్లోనే వేలమంది తమను సంఘంలో చేర్చుకోమని అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు నిలిపివేశారు. సాయం చేసే చెయ్యి, మతంలోకి పిలిచే చెయ్యి ఒకటైతే ఆ పిలుపుకు విలువ ఉండదని ఆయన భయం.

1878 నడుమకు సహాయ పనులు ముగింపునకు వచ్చాయి. ఇక పంచడానికి డబ్బు గానీ ధాన్యం గానీ లేదని, ఎవరూ ఆశతో రావద్దని క్లౌ కబురు పంపారు. జనం ఆగలేదు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి వేలాదిగా తరలివచ్చారు. చెట్ల కింద ఊరి వారీగా కూర్చున్నారు. ఏ ఊరివారికి ఆ ఊరి బోధకుడు పూచీపడ్డాడు. ఒక్కొక్కరినీ విచారించి పేర్లు రాసుకున్నారు.

జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది ఆ మూడు రోజుల్లో నదిలో బాప్తిస్మం పొందారు. ఆ పని చేసింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీటిలో నిలబడితే మిగతావారు విశ్రాంతి తీసుకుంటూ వంతులవారీగా సాయంత్రం వరకు కొనసాగించారు. ఆ సంవత్సరం చివరికి కొత్తగా చేరిన వారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. తరువాతి కొన్నేళ్లలో 20 వేలకు పైబడిన సభ్యులతో ఒంగోలు సంఘం ప్రపంచంలోనే అతి పెద్ద బాప్తిస్టు సంఘంగా పేరొందింది.

ప్రశంసలతో పాటు ప్రశ్నలు

వెల్లంపల్లి వార్త అమెరికా చేరినప్పుడు హర్షంతో పాటు అనుమానాలూ వ్యక్తమయ్యాయి. ఇంతమందిని ఇంత తొందరగా చేర్చుకోవడం సబబేనా అని సొంత వర్గంలోని వారే ప్రశ్నించారు. కరవులో పని ఇచ్చిన వాడి మతంలోకి జనం వెళ్లడంలో కృతజ్ఞత ఎంత, విశ్వాసం ఎంత అన్న చర్చ నేటికీ చరిత్రకారుల మధ్య ఉంది. 15 నెలల నిలిపివేతను క్లౌ సమర్థకులు జవాబుగా చూపుతారు. కాలువ గట్టున మొదలైన పరిచయాన్ని మరచిపోలేమని విమర్శకులు అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది.

క్లౌ పద్ధతికి మరో పరిమితి కూడా ఉంది. చుట్టరికాల వెంట సాగిన ఉద్యమం కావడంతో అది ప్రధానంగా మాదిగ సముదాయం వరకే విస్తరించింది. కులం గోడ దాటి మిగతావారిని పెద్దగా చేరలేదు. పల్లె బలాన్ని వాడుకున్న పద్ధతి పల్లె గీసిన గిరిని కూడా వెంట తెచ్చుకుంది. అన్నిటికీ దొర వైపే చూసే అలవాటు సంఘాలలో చాలాకాలం పోలేదు.

చెప్పులు కుట్టే వారి కథలు పుస్తకమై..

మొదటి భార్య హారియట్ మరణానంతరం 1894లో క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడారు. ఆమె అంతకు ముందే మిషనరీగా ఒంగోలులో పనిచేశారు. సామాజిక న్యాయాన్ని క్రైస్తవ ధర్మంలో కీలకంగా భావించిన అమెరికన్ వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వోల్‌స్టోన్‌క్రాఫ్ట్‌పై ఎమ్మా పరిశోధన చేశారు.

ఒంగోలు ప్రాంతపు మాదిగ వృద్ధులు చెప్పిన కథలను ఆమె శ్రద్ధగా సేకరించారు. తమ కులంలో పుట్టిన అరుంధతి వసిష్ఠునికి భార్య అయిన కథ, మాతంగి కథ, ఊరూరా తిరిగిన గురువుల ముచ్చట్లు, పేరయ్య వంటి తొలి బోధకుల అనుభవాలు అందులో ఉన్నాయి. చెప్పులు కుడుతూ చెప్పుకునే కథలన్న అర్థం వచ్చే పేరుతో ఆ పుస్తకం 1899లో ఆంగ్లంలో వెలువడింది. నాడు అక్షరానికి నోచుకోని సముదాయపు జ్ఞాపకాలను అచ్చులోకి తెచ్చిన అరుదైన గ్రంథాలలో అది ఒకటి. మతప్రచారం కోసం వచ్చినవారు విన్న కథలు కాబట్టి వాటిలో వారి చూపు కలిసి ఉంటుంది. అయినా ఆ కథలు అలా నమోదు కాకపోతే వాటిలో కొన్ని ఆ వృద్ధులతోనే అంతరించి ఉండేవి.

చివరి రోజులు

వయసు మీదపడిన తరువాత జరిగిన ఒక ప్రమాదం క్లౌను కుంగదీసింది. గుర్రంపై జిల్లా అంతా తిరిగిన మనిషికి నడక కష్టమైంది. చివరకు అమెరికా చేరుకున్న ఆయన 1910 నవంబర్ 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన చెప్పగా ఎమ్మా రాసిన జీవిత కథ 1914లో ప్రచురితమైంది. అందులో బాప్తిస్మాల లెక్కల కన్నా గ్రామ వ్యవస్థ, కులం, కూలి, కరవుల గురించిన పరిశీలనకే ఎక్కువ చోటు దక్కింది. అమెరికా సంఘాల కొలబద్దను యథాతథంగా తెలుగు పల్లెపై మోపడం సరికాదన్న అభిప్రాయానికి ఆయన జీవిత చరమాంకంలో వచ్చినట్టు ఆ పుస్తకం చూపుతుంది.

క్లౌ కాలంలోనే ఒంగోలు మిషన్ ప్రాంగణంలో పాఠశాలలు వెలిశాయి. ఆయన అనంతరం ఆయన పేరిట పట్టణంలో ఆసుపత్రి ఏర్పడింది. బడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన పిల్లలు ఆ పాఠశాలల్లో అక్షరాలు దిద్దారు. కొందరు ఉపాధ్యాయులుగా, కొందరు బోధకులుగా తమ పల్లెలకే తిరిగి వెళ్లారు. తల్లిదండ్రులు వేలిముద్ర వేసిన కాగితాన్ని తాము చదివి చెప్పగలిగారు.

క్లౌ దొరను మతప్రచారకుడిగా మెచ్చేవారు ఉన్నారు, విమర్శించేవారూ ఉన్నారు. ఆ ఇద్దరూ కాదనలేని విషయం ఒకటుంది. పట్టణ పెద్దల ఆదరణకు, పల్లె వెలుపలి జనానికి మధ్య ఎంచుకోవలసి వచ్చిన రోజున ఆ 30 ఏళ్ల యువకుడు తన బడి ఖాళీ అవుతుందని తెలిసీ రెండోవారి పక్షాన నిలిచారు. ఒంగోలు ప్రాంతంలో వేలాది కుటుంబాల చదువుకు తొలి మెట్టు పడింది ఆనాడే.